గుర్రం బొమ్మ మొదలుపెట్టే ముందు ఏం ఎంచుకోవాలి, ఏం పక్కన పెట్టాలి

గుర్రం బొమ్మలు వేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ రంగులు కొనాలి, వాటర్ కలరా అక్రిలిక్కా అని. నా లెక్కలో అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో. ముందు తేల్చుకోవాల్సింది గుర్రాన్ని మీరు ఎక్కడ చూడబోతున్నారు, అది మీ ఎదుట ఎంతసేపు నిలబడుతుంది అన్నది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎద్దుల్ని చూస్తూ పెరిగాం గానీ గుర్రం మాత్రం ఏ పెళ్లి ఊరేగింపులోనో, సముద్రం ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేచోటో తప్ప ఎదురుపడదు. ఎదురుపడినా పది నిమిషాలు కదలకుండా ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకని సామాను కూడా ఆ పది నిమిషాలకు పనికొచ్చేదే అయి ఉండాలి, మిగతా పని ఇంటికొచ్చాక తీరిగ్గా చేసుకునేది కావాలి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా మాట ముందే చెప్పేస్తాను. బయటకు చిన్న స్కెచ్ బుక్కు, ఒక 2బి, ఒక 6బి పెన్సిలు చాలు (బి ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిలు మెత్తగా, గీత నల్లగా ఉంటుంది). ఇంట్లో చూసి వేయడానికి మీ ఫోన్‌తో మీరే తీసిన ఫోటోలు, వీడియోలు. రంగుల్లోకి దిగితే మొదట అక్రిలిక్, చెయ్యి కుదిరాక వాటర్ కలర్, ఆయిల్ అన్నిటికన్నా చివర. ఎందుకలా అంటున్నానో, ఎవరికి ఇది సరిపోదో కింద రాస్తున్నాను.

ఎదుట ఉన్న గుర్రమా, ఫోటోనా

ఎదురుగా ఉన్న గుర్రాన్ని చూసి వేయడానికి సాటి వచ్చేది ఏదీ లేదు, ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఎప్పుడు వెళ్లాలో తెలియాలి. ఊరేగింపు మొదలయ్యాక వెళితే బ్యాండు మోత, సీరియల్ లైట్లు, జనం, పైగా గుర్రం ఒంటినిండా జరీ గుడ్డలు కప్పి ఉంటాయి కాబట్టి తల, మెడ, కాళ్లు తప్ప ఏమీ కనబడదు. అదే గుర్రాన్ని ఊరేగింపుకు గంట ముందు ఏ కళ్యాణ మండపం పక్కనో చెట్టుకు కట్టేసి ఉన్నప్పుడు చూడండి. గుర్రం తెచ్చినతనితో "అన్నా, బొమ్మ గీసుకుంటా, కాసేపు ఇక్కడ కూర్చోవచ్చా" అని అడిగితే చాలామంది కాదనరు, పోయేటప్పుడు టీ డబ్బులు చేతిలో పెట్టడం మర్యాద. బీచ్ దగ్గర అయితే పొద్దున్నే, సవారీలు మొదలుకాకముందు వెళ్లండి. ఎక్కడైనా సరే గుర్రం వెనక మాత్రం నిలబడకండి. సరిగ్గా తన వెనక ఉన్నది దానికి కనబడదు, బెదిరితే తన్నుతుంది. భుజం వైపు, కాస్త ఎడంగా కూర్చుంటే అది మిమ్మల్ని చూస్తూ ఉంటుంది, మీకూ మంచి పక్క కోణం దొరుకుతుంది.

అలా నిలబడ్డ గుర్రాన్ని కొంచెంసేపు గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. నిలబడే కునుకు తీస్తుంది, ఆ సమయంలో ఒక వెనక కాలికి విశ్రాంతి ఇస్తుంది. ఆ కాలి గిట్ట ముందు అంచు మాత్రమే నేలకు తగులుతూ ఉంటుంది, మడమ వైపు లేచి ఉంటుంది, ఆ పక్క తుంటి కిందికి జారుతుంది, బరువు మోస్తున్న కాలి వైపు తుంటి ఎత్తుగా కనిపిస్తుంది. తల కూడా వీపు ఎత్తుకు దిగిపోతుంది, కింది పెదవి వదులుగా వేలాడుతుంది. కొంతసేపటికి బరువు రెండో కాలి మీదికి మారుస్తుంది, మళ్లీ ఈ కాలికి వస్తుంది. మనకు కావాల్సింది ఇదే. ఒకే పేజీలో మూడు నాలుగు బొమ్మలు సగం సగం మొదలుపెట్టి ఉంచండి, గుర్రం ఏ భంగిమకు తిరిగి వస్తే ఆ బొమ్మ దగ్గరికి వెళ్లి రెండు గీతలు కలపండి. అది కదిలిందని విసుక్కునే పని ఉండదు. ఈ పద్ధతికి పెన్సిల్ కన్నా అనువైనది లేదు, రంగులు తీసుకెళితే నీళ్లు పోసుకుని పాలెట్ తెరిచేలోపు గుర్రం సవారీకి వెళ్లిపోతుంది.

మీరు తీసిన ఫోటోది రెండో స్థానం. ఇందులో జాగ్రత్త ఒకటే. ఫోన్ పట్టుకుని దగ్గరికి వెళ్లి తీస్తే గుర్రం తల పెద్దగా, వెనక భాగం చిన్నగా వస్తుంది, దాన్ని నమ్మి వేస్తే బొమ్మ ఎక్కడో తేడా కొడుతుంది గానీ ఎక్కడో తెలియదు. కాబట్టి దూరంగా జరిగి రెండింతల జూమ్ పెట్టి, ఫోన్‌ని గుర్రం ఛాతీ ఎత్తుకు దించి తీయండి. నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు స్లో మోషన్ వీడియో తీసుకుంటే తర్వాత ఆపి ఆపి చూసుకోవచ్చు. కాళ్లు, గిట్టలు, చెవులు, ముక్కు విడివిడిగా కూడా తీయండి, ఇంటికొచ్చాక అసలు అవసరమయ్యేవి అవే.

ఇంటర్నెట్ ఫోటోలు సాధనకు పర్వాలేదు. కానీ వేరేవాళ్ల ఫోటో చూసి వేసిన బొమ్మను పోటీకి పంపడం, అమ్మడం పద్ధతి కాదు, హక్కుల గొడవ కూడా. దానికన్నా పాత చిత్రకారుల పనిని చూసి వేయడం నాకు ఇష్టం. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న, హక్కుల గడువు తీరిన చిత్రాల ఫోటోలను 2017 నుంచి ఎవరైనా వాడుకునేలా ఉచితంగా పెట్టింది. ఫ్రెంచి చిత్రకారిణి రోజా బోనర్ 1850ల్లో వేసిన గుర్రాల సంత చిత్రం అసలుది అక్కడే ఉంది, అందులో పిక్క బలం ఉన్న పెద్ద గుర్రాలు ఎన్ని కోణాల్లో కనిపిస్తాయో చూడండి, నెలల తరబడి సాధన చేసుకోవచ్చు.

గుడి వాహనాల గురించి కూడా చెప్పాలి. వైష్ణవ ఆలయాల బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం ఉంటుంది. నెల్లూరులో పెన్నా ఒడ్డున రంగనాయకుల గుడికి ఉత్సవాలకు వెళ్లేవాళ్లకు ఈ వాహనాలు కొత్త కాదు. కొయ్య గుర్రం మెడ వంపు, ఎత్తిన ముందుకాళ్లు, నగలు అన్నీ శిల్పి పద్ధతిలో ఉంటాయి. అలంకారంగా, గీతల బలంతో బొమ్మ వేయాలనుకుంటే ఇంతకన్నా మంచి గురువు దొరకదు, అడిగి అనుమతి తీసుకుని వేసుకోండి. అసలు గుర్రం కండలు, కీళ్లు నేర్చుకోవడానికి మాత్రం ఇది దారి కాదు.

గళ్లు గీసి వేయడమా, కొలతతో కట్టడమా

ఫోటో మీద గళ్లు గీసి, కాగితం మీద అవే గళ్లు గీసి, గడికో ముక్క దించే పద్ధతి మనలో చాలామందికి స్కూల్లోనే వచ్చేసింది. దాన్ని తక్కువ చేయను. ఎవరిదైనా పెంపుడు గుర్రాన్ని అచ్చం అదే పోలికతో వేసి ఇవ్వాలంటే, పెద్ద కాన్వాస్ మీదికి స్కెచ్ ఎక్కించాలంటే గళ్లే దిక్కు. కానీ గళ్లతో వంద బొమ్మలు వేసినా ఎదురుగా గుర్రం నిలబడితే చెయ్యి ఆడదు, ఎందుకంటే గళ్లు మీకు గుర్రాన్ని చూపించవు, గీతల్ని చూపిస్తాయి. ట్రేసింగ్ కూడా అంతే.

కొలతతో కట్టే పద్ధతికి ఓపిక కావాలి, ఫలితం మాత్రం జీవితాంతం ఉంటుంది. తల పొడవును కొలకర్రగా పెట్టుకోండి. పక్క నుంచి చూస్తే రొమ్ము ముందు భాగం నుంచి పిరుదు చివర దాకా సుమారు రెండున్నర తలలు. నేల నుంచి మూపు దాకా, అంటే మెడ దిగి వీపు మొదలయ్యే ఎత్తైన చోటు దాకా, అదీ దాదాపు రెండున్నర తలలే. అంటే మెడ, తల పక్కన పెడితే ఒంటిని ఇంచుమించు ఒక చతురస్రంలో పెట్టొచ్చు. పెద్ద గుర్రానికి డొక్క లోతు, డొక్క కింద నుంచి నేల దాకా ఉండే కాలి పొడవు దగ్గర దగ్గరగా ఉంటాయి, కాలు కాస్త ఎక్కువ. పిల్ల గుర్రానికైతే కాళ్లే కాళ్లు. మధ్య ఒంటిని పక్కకు పడుకోబెట్టిన పీపాలా గీసుకుని, ముందు భుజానికి ఒక కోడిగుడ్డు ఆకారం, వెనక తొడకు ఇంకో పెద్ద కోడిగుడ్డు ఆకారం తగిలిస్తే సగం గుర్రం వచ్చినట్టే.

మన ప్రాంతం వాళ్లకు ఇక్కడ ఒక లాభం, ఒక ఇబ్బంది ఉన్నాయి. ఒంగోలు గిత్తను చూసి చూసి పశువు ఒంట్లో ఎముక ఎక్కడ, కండ ఎక్కడ అన్నది మనకు తెలియకుండానే కంటికి అలవాటైంది, అది లాభం. ఇబ్బంది ఏమిటంటే గుర్రం వేసినా గిత్త వచ్చేస్తుంది. గిత్తకు భుజాల మీద మూపురం లేస్తుంది, మెడ కింద గంగడోలు వేలాడుతుంది, తుంటి ఎముకలు రెండూ మూలలుగా పొడుచుకొస్తాయి, మెడ పొట్టిగా ముందుకు చాపి ఉంటుంది. గుర్రానికి మెడ పొడవు, పైకి లేస్తుంది, గొంతు దగ్గర సన్నగా మొదలై భుజంలోకి వెడల్పుగా దిగుతుంది, తుంటి మీద గుండ్రంగా కండ కప్పి ఉంటుంది. గిత్తకు చీలిన గిట్ట, గుర్రానికి ఒకటే గిట్ట. ఈ రెండింటినీ ఒకే పేజీలో పక్కపక్కన వేసి చూడండి, ఒక్క రోజులో తేడా కంటికి పట్టేస్తుంది. దగ్గర్లో బండ లాగుడు పోటీలు జరిగితే అక్కడికి కూడా స్కెచ్ బుక్కు తీసుకెళ్లండి, లాగేటప్పుడు తొడ కండ ఎలా బిగుస్తుందో చూసింది గుర్రానికీ పనికొస్తుంది.

కాళ్ల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. ముందు కాలి మధ్యలో మోకాలిలా కనిపించే కీలు మన మణికట్టుకు సమానం, వెనక కాలిలో వెనక్కి పొడుచుకు వచ్చే కోణం మన మడమ. అసలు వెనక మోకాలు పైన, పొట్టకు ఆనుకుని ఉంటుంది. ఇది మనసులో పెట్టుకుంటే వెనక కాలు ఎటు మడుస్తుందో అన్న టెన్షన్ పోతుంది. ఆ కీళ్ల కింద దాదాపు కండ ఉండదు, ఎముక, కండను ఎముకకు పట్టి ఉంచే తాళ్లు (టెండన్లు), చర్మమే, అందుకే అక్కడ గీతలు బిగుతుగా, కోణాలుగా రావాలి. పైన తొడ దగ్గర మెత్తగా, గుండ్రంగా. ఎముకల గురించి లోతుగా చూడాలనుకుంటే ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ గుర్రాల కళేబరాలను స్వయంగా కోసి, పొర పొరా చూసి గీసి, 1766లో అచ్చు వేయించిన బొమ్మలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇన్నేళ్లయినా ఇప్పటికీ వాటినే చూసి నేర్చుకుంటారు.

తలా, నిలబడ్డ గుర్రమా, పరుగా

మొదటి బొమ్మకు తల ఒక్కటి ఎంచుకోండి. కన్ను, ముక్కు పుట, చెవి మూడూ కుదిరితే చూసినవాళ్లు గుర్రం అని ఒప్పేసుకుంటారు. కన్ను తల పై నుంచి సుమారు మూడో వంతు కిందికి, పక్కకు ఉంటుంది. కనుపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా కోలగా ఉంటుంది. పైరెప్ప నీడ కంటి పై భాగం మీద పడేలా వేసి, మెరుపు చుక్క ఒక్కటే వదలండి. చెవులు మనసు చెప్తాయి, వెనక్కి నొక్కేసి ఉంటే కోపం, ముందుకు నిలబడితే ఏదో విన్నది. మార్వారీ, కాఠియావాడీ జాతులకు చెవి కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి దాదాపు తాకుతుంటాయి, అలాంటి గుర్రం ఎదురైతే ఆ ఒక్క చిన్న వంపు వేయకపోతే జాతే మారిపోతుంది.

తర్వాత నిలబడ్డ గుర్రం, ఆ తర్వాతే పరుగు. మనవాళ్లు మాత్రం ముందే పరుగెత్తే ఏడు తెల్ల గుర్రాల పటం దగ్గరికి వెళ్లిపోతారు, వాస్తుకు మంచిదని షాపుల్లో, హాల్లో పెట్టుకుంటారు కదా, బొమ్మలు వేస్తావని తెలిస్తే చుట్టాల్లో ఎవరో ఒకరు అదే అడుగుతారు. అడిగినందుకు తప్పు లేదు, సూర్యుడి రథానికి ఏడు గుర్రాలని మనకు గట్టి నమ్మకం. కానీ ఏడు గుర్రాలంటే ఇరవై ఎనిమిది కాళ్లు, ఒకదాని మీద ఒకటి. అచ్చు పటాల్లో కింద నీళ్లు చిందినట్టో దుమ్ము లేచినట్టో వేసి సగం కాళ్లు దాచేస్తారు, మీరూ మొహమాటపడకుండా అదే చేయండి. మూడు గుర్రాలతో ఒక చిన్న బొమ్మ వేసుకుని, తలలు మూడూ మూడు కోణాల్లో తిరిగేలా చూసుకుని, అది కుదిరాక ఏడుకు వెళ్లండి.

పరుగుకు ఫోటో, వీడియో తప్పనిసరి, ఇక్కడ కంటిని నమ్మలేం. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ పందెపు గుర్రాల చిత్రంలో గుర్రాలు ముందుకాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాపి గాలిలో తేలుతుంటాయి. అప్పట్లో చాలామంది అలాగే వేసేవారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి తీసిన ఫోటోల్లో తేలిందేమిటంటే పరుగులో నాలుగు కాళ్లూ నేల వదిలే మాట నిజమే, కానీ ఆ క్షణంలో కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. కాబట్టి మీ వీడియోను ఆపుకుంటూ చూసి, అందంగా కనిపించే ఫ్రేము ఎంచుకోండి. నడకకు వరస గుర్తుపెట్టుకుంటే చాలు: ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు. దుడుకు నడకలో, అదే ట్రాట్‌లో, ఎదురెదురు మూలల కాళ్లు జంటగా లేస్తాయి, కదలిక మొదటిసారి వేసేవాళ్లకు ఇదే సులువు.

పెన్సిలు, బొగ్గు, పెన్ను

పెన్సిలు గురించి పెద్దగా చెప్పేది లేదు, అప్సరా, డామ్స్, కామెల్ ఏదైనా సరే, 2బి, 4బి, 6బి మూడుంటే చాలు. పన్నెండు పెన్సిళ్ల డబ్బా మొదట్లో అవసరం లేదు. మామూలు రబ్బరు బదులు మెత్తగా నలిగే పుట్టీ రబ్బరు (నీడెడ్ ఎరేజర్) కొనండి, అద్దితే వెలుగు తేలుతుంది, మెరిసే ఒంటికి అది చాలా ఉపయోగం.

బొగ్గు నల్ల గుర్రానికి, జూలుకు అద్భుతంగా పని చేస్తుంది, పెద్ద కాగితం మీద భుజం ఆడించి వేయొచ్చు. మన ఉక్కపోతలో చెమట చెయ్యి ఆనితే చెరిగిపోతుంది కాబట్టి చెయ్యి కింద ఇంకో కాగితం వేసుకుని, అయిపోగానే ఫిక్సేటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, బొమ్మలు సర్దిపెట్టే చోటు లేకపోతే బొగ్గు వద్దు.

పెన్ను ధైర్యం నేర్పుతుంది. చెరపడానికి ఉండదు, చూసి, ఆలోచించి, ఒక్క గీత. మన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గుర్రాల్లో, చైనా చిత్రకారుడు షు బేహాంగ్ సిరా గుర్రాల్లో ఉన్న ఊపు ఆ ఒక్క గీతలోంచి వచ్చిందే. బ్రష్ పెన్ను తీసుకుని మెడ మీది వంపు, వీపు, పిరుదు దాకా ఆపకుండా గీయడం రోజూ సాధన చేస్తే పెన్సిలు పని కూడా మారిపోతుంది. పెన్ను మీద తర్వాత రంగు వేయాలనుకుంటే నీళ్లు తగిలితే కరగని సిరా ఉందో లేదో ముందు చూసుకోండి, మామూలు జెల్ పెన్ను చెదిరిపోతుంది.

ఒక్క సామానే కొనే డబ్బుంటే నేను చెప్పేది వేరు: గోధుమ రంగు కాగితం, 4బి పెన్సిలు, ఒక తెల్ల పెన్సిలు. మధ్య రంగు కాగితమే ఇచ్చేస్తుంది, మీరు చీకటి, వెలుగు రెండే పెడితే గుర్రం ఒళ్లు లేచి నిలబడుతుంది. తెల్ల గుర్రానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

రంగుల్లో ఏది, మన వాతావరణంలో

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రంగుల మీద సలహాలన్నీ చల్లని దేశాల వాళ్లు ఇచ్చినవే ఎక్కువ దొరుకుతాయి, మనకు అవి పూర్తిగా అతకవు.

వాటర్ కలర్ గుర్రం ఒంటి మెరుపుకు పుట్టినట్టు ఉంటుంది. కాగితం తెలుపే వెలుగు, పారదర్శకమైన రంగు మీద రంగు పొరలు. కానీ వెలుగు ఎక్కడ వదలాలో ముందే తెలియాలి, వేసేశాక వెనక్కి తీసుకోవడం కష్టం. ఆరాక రంగు వెలిసినట్టు తేలికవుతుంది, కాబట్టి కొంచెం గాఢంగానే వేయాలి. దీనికి 300 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) కాగితం ఉండాల్సిందే, డ్రాయింగ్ షీటు మీద వేస్తే ముడతలు పడి మనసు విరిగిపోతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు పడే రోజుల్లో, కాగితం తేమ పీలుస్తుంది, బూజు చుక్కలు వస్తాయి, కాగితం మీది జిగురు పూత దెబ్బతిని రంగు మచ్చలు మచ్చలుగా ఇంకిపోతుంది. కాగితాన్ని గాలి చొరబడని కవర్లో, రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి.

అక్రిలిక్‌లో తప్పు దిద్దుకోవచ్చు, ఆరగానే పైన ఇంకో పొర వేయొచ్చు, చీకటి నుంచి వెలుగుకు రావచ్చు, వాసన లేదు, బ్రష్షులు నీళ్లతో కడిగితే చాలు. అందుకే మొదటి రంగుగా దీన్నే చెప్తాను. ఇబ్బంది ఎండాకాలంలో. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఫ్యాను కింద కూర్చుంటే పాలెట్ మీద రంగు మీ కళ్ల ముందే బిగుసుకుపోతుంది, కండ మీద చీకటి వెలుగులోకి మెత్తగా కలపడం కుదరదు. ఫ్యాను గాలి రంగు మీద పడకుండా పక్కకు జరగండి, ప్లేటులో తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి ఆ కాగితం మీద రంగు పిండుకోండి, స్ప్రే బాటిల్ దగ్గర పెట్టుకోండి, తెల్లవారుజామున వేయండి. ఆరాక అక్రిలిక్ ఒక మెట్టు ముదురుతుంది, వాటర్ కలర్‌కు సరిగ్గా ఎదురు.

ఆయిల్ రంగుల్లో గోధుమ గుర్రం పట్టులాంటి ఒళ్లు వచ్చినట్టు ఇంకెందులోనూ రాదు, రోజంతా కలుపుకోవచ్చు. అయితే పలుచని పొర ఆరడానికే రోజులు పడుతుంది, మందంగా వేస్తే వారాలు, వార్నిష్‌కు నెలలు ఆగాలి. టర్పెంటైన్ వాసనకు గాలి ఆడే గది కావాలి, రెండు గదుల అద్దె ఇంట్లో పసిపిల్లలు ఉంటే నేను వద్దంటాను. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలన పడేయకండి, వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది, మన ఎండలకు ఇంకా జాగ్రత్త కావాలి. బయట విడివిడిగా ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో వేసి మూత పెట్టండి. పోస్టర్ రంగులు ఇంట్లో పిల్లలవి ఉంటే రంగు కలపడం నేర్చుకోవడానికి వాడుకోండి, పైపొర వేస్తే కింది పొర కరిగి కలిసిపోతుంది కాబట్టి దాచుకునే బొమ్మకు వద్దు.

ఏ రకం కొన్నా గుర్రానికి ట్యూబులు ఐదారు చాలు: బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ బ్లూ, ఒక ఎరుపు, తెలుపు. బర్న్ట్ సియన్నా, అల్ట్రామెరీన్ కలిపితే వచ్చే ముదురు రంగు ట్యూబు నలుపు కన్నా ప్రాణంతో ఉంటుంది, సియన్నా పెంచితే వెచ్చగా, బ్లూ పెంచితే చల్లగా. ఎర్రటి ఒళ్లు, నల్ల జూలు, నల్ల తోక, మోకాళ్ల కింద నల్ల కాళ్లు ఉన్న గుర్రానికి ఈ రెండు ట్యూబులతోనే మొత్తం పని అయిపోతుంది.

పిరుదు మీద ఎండ పడ్డచోటు దగ్గరగా చూడండి. మెరుపు తెల్లగా ఉందనిపిస్తుంది, కాసేపు చూస్తే లేత నీలం. పైకి తిరిగిన ప్రతి కండ ఆకాశాన్ని చూపిస్తుంది, పక్కలు అసలు రంగు చూపిస్తాయి, పొట్ట కింద నేల రంగు తగులుతుంది. మైపాడు బీచ్ ఇసుకలో పొద్దుటి ఎండకు నిలబడ్డ తెల్ల గుర్రం పొట్ట కింద నీడ బూడిద రంగులో ఉండదు, లేత పసుపు కలిసిన వెచ్చని రంగులో ఉంటుంది, అదే గుర్రం నీడ వైపు భుజం నీలంగా ఉంటుంది. మనం తెల్ల గుర్రం అనేవాటిలో చాలామటుకు పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి వయసుతో తెల్లబడ్డవే, చర్మం నల్లగానే ఉంటుంది, అందుకే ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ బొగ్గు రంగు కనిపిస్తుంది. ఆ నలుపు పెడితేనే మిగతా తెలుపు నమ్మబుద్ధేస్తుంది. స్వచ్ఛమైన తెలుపు రంగు ఒంటి మీద రెండు మూడు చోట్లకు మించి పెట్టకండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

కాగితం మీద, ఒక మంచి గుండ్రటి బ్రష్షు మీద. స్టూడెంట్ రకం రంగుతో మంచి కాగితం మీద వేసిన బొమ్మ, ఖరీదైన రంగుతో నాసి కాగితం మీద వేసినదానికన్నా ఎప్పుడూ బాగుంటుంది. బ్రష్షుల్లో 4, 8 నంబర్ల గుండ్రటివి, అర అంగుళం ఫ్లాట్ బ్రష్షు ఒకటి చాలు, జూలుకు, తోకకు పాతబడి వెంట్రుకలు చీలిన బ్రష్షు పారేయకుండా ఉంచండి. నెల్లూరు, ఒంగోలు పెద్ద స్టేషనరీ షాపుల్లో పెన్సిళ్లు, కామెల్ రంగులు, చిన్న కాన్వాస్‌లు దొరుకుతాయి. మంచి వాటర్ కలర్ కాగితం కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమో, చెన్నై వెళ్లేవాళ్లకు చెప్పడమో మేలు, అడిగేటప్పుడు జీఎస్‌ఎం, కాటన్ శాతం చెప్పి అడగండి.

ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో వేయడం గురించి కూడా అడుగుతుంటారు. స్టైలస్ పెన్ను ఉంటే ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లో మీ ఫోటోను కింద పెట్టుకుని పైన పొరలో ఎముకలు, కీళ్లు గీసి చూసుకోవడం చాలా మంచి సాధన, ఖర్చు లేదు. గోడకు పెట్టుకునే బొమ్మ కావాలంటే మాత్రం కాగితమే, కాన్వాసే.

వెనక దృశ్యం పెట్టాలా వద్దా అని తేల్చుకోలేకపోతే వదిలేయండి. స్టబ్స్ 1762 ప్రాంతంలో వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం చిత్రం దాదాపు అసలు గుర్రమంత ఉంటుంది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని వెనక గడ్డి లేదు, చెట్టు లేదు, ఒట్టి లేత రంగు. కాళ్ల కింద చిన్న నీడ ఉంటే గుర్రం నేలమీద నిలబడుతుంది, అది చాలు.

ఎవరికైనా ఇవ్వడానికి వేస్తుంటే, గోడకు తేమ పట్టే ఇల్లయితే, కాగితం బొమ్మకన్నా కాన్వాస్ మీద అక్రిలిక్ ఎంచుకుని పైన వార్నిష్ కొట్టి ఇవ్వండి. వాటర్ కలర్ లేదా పెన్సిలు బొమ్మకు ఫ్రేము కట్టిస్తే అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టమని ఫ్రేము షాపులో గట్టిగా చెప్పండి, తగిలితే తేమకు అద్దానికి అంటుకుపోతుంది. వెనక అట్టకు బదులు పాత కార్టన్ అట్ట పెట్టనివ్వకండి, దాని పసుపు కొన్నేళ్లకు బొమ్మలోకి ఎక్కుతుంది. బొగ్గు బొమ్మకైతే అద్దానికి, కాగితానికి మధ్య ఇంకొంచెం ఎక్కువ ఎడం అడగండి.